గారాల క్రిములు

ఆ వీధిలో ఎవరికి దగ్గొచ్చినా ముందు డాక్టరమ్మ ఇంటి మెట్లెక్కుతారు. ఆవిడ మందులిచ్చే డాక్టరు కాదు. ఊపిరితిత్తుల్లో చేరి న్యుమోనియా తెప్పించే క్రిముల మీద పరిశోధన చేసి డాక్టరేటు తెచ్చుకున్న మనిషి. ఈ తేడా ఆవిడ ఏళ్ళ తరబడి చెబుతూనే ఉంది, వీధి వింటూనే ఉంది, దగ్గేవాళ్ళు దగ్గుతూనే వస్తున్నారు. నేను ఎలుకలకే డాక్టర్నండీ అంటే, మా వాడు కూడా ఎలుకపిల్లలాగే ఉంటాడు, కాస్త చూడండి అన్న తల్లులు ఉన్నారు. విసిగి విసిగి ఆవిడ అందరికీ ఒకే మాట చెప్పడం మొదలుపెట్టింది. జ్వరం వదలకపోతే ఆసుపత్రికి వెళ్ళండి, లేదంటే వేడినీళ్ళు తాగి పడుకోండి. చాలా దగ్గులు వాటంతటవే తగ్గుతాయి కాబట్టి, ఏ మందూ ఇవ్వకుండానే ఆవిడకు మంచి హస్తవాసి ఉందని పేరొచ్చింది. దగ్గుల డాక్టరమ్మ అనే పేరు అలా స్థిరపడిపోయింది.

ఇల్లు మేడ మీద. కింద భర్త నడిపే డ్రైవింగ్ స్కూలు. ఆయన గొంతు పెంచగా విన్నవాళ్ళు లేరు. పక్క సీటు కింద తనకంటూ ఒక బ్రేకు ఉన్న మనిషికి అరవాల్సిన అవసరమేముంది! ఇంట్లో మూడో మనిషి అత్తగారు. చలి మొదలైతే చాలు, ఆవిడ దగ్గు వీధి చివరిదాకా వినిపిస్తుంది. రెండుసార్లు న్యుమోనియా వచ్చి ఆసుపత్రిలో పడి లేచింది కూడా. అందుకే కోడలు కనిపెట్టబోయే మందు మీద ఆవిడకు కోడలికంటే ఎక్కువ నమ్మకం. ఆ మందు ఇదిగో వచ్చేస్తోంది, అదిగో వచ్చేస్తోంది అని కూరలమ్మే మనిషి దగ్గర్నుంచి అందరికీ చాటింపు వేసేసింది.

ఆ పరిశోధన ఏమిటో అత్తగారికి చెప్పడానికి కోడలు కొత్తలో నానా తంటాలు పడింది. ఊపిరితిత్తుల్లోకి క్రిమి దూరితే ఒంట్లోని తెల్లకణాలు దండుగా వచ్చి మీద పడతాయి. వచ్చినవి క్రిమిని చంపి ఊరుకోవు. ఆ ఊపులో చుట్టూ ఉన్న మెత్తని గోడల్ని కూడా పాడుచేస్తాయి, గాలి ఆడవలసిన చోట నీరు నింపుతాయి. మనిషి సగం క్రిమి వల్ల ఆయాసపడితే సగం తన సొంత సైన్యం వల్ల ఆయాసపడతాడు. ఇదంతా బొమ్మలు గీసి మరీ చెప్పినా అత్తగారికి ఎక్కలేదు. చివరికి, "ఎలుక మీద కోపంతో ఇల్లు తగలబెట్టుకున్నట్టు అత్తయ్యా" అంది కోడలు. ఆ ముక్క ముందే చెబితే ఇంత కాగితం ఖర్చయ్యేది కాదు కదా అని అత్తగారు విసుక్కుంది.

ఇల్లు తగలబడకుండా ఉండాలంటే ఎలుకను గుమ్మంలోనే పట్టుకోవాలి. ఊపిరితిత్తుల్లో ఎప్పుడూ కాపలా తిరిగే కణాలు కొన్ని ఉంటాయి. అవి తొందరగా మేలుకుని క్రిమిని మింగేస్తే దండును పిలవాల్సిన పనే ఉండదు. కానీ క్రిమి తక్కువది కాదు. ఒంటి చుట్టూ జిగురు కోటు తొడుక్కుని వస్తుంది. ఒళ్ళంతా నూనె రాసుకున్న దొంగను పట్టుకోబోయినట్టు, కాపలా కణాల చేతికి అది చిక్కదు. ఆ కణాలను గట్టిగా తట్టి లేపే మందు చుక్క ఒకటి తయారుచేయాలన్నది డాక్టరమ్మ పట్టుదల.

ఈ దారి చూపించింది పెద్దాయన. ఆవిడకు పాఠం చెప్పిన గురువు. రిటైరై చాలా కాలమైనా ఆవిడ పనిచేసే పరిశోధన సంస్థకు పక్క వీధిలోనే ఉంటాడు, కర్ర ఊపుకుంటూ ల్యాబుకు వస్తాడు, ఎవరి కుర్చీలోనైనా కూర్చుని టీ తెప్పించుకుంటాడు. కాపలా కణాలకు జ్ఞాపకం ఉంటుందని తేల్చిన మనిషి ఆయనే. ఒకసారి జబ్బుపడి లేచిన ఎలుకలకు కొన్ని నెలల తర్వాత మళ్ళీ అదే క్రిమిని ఇస్తే, వాటికి తుమ్ము కూడా రాలేదు. ఆ సంగతి మీద ఆయనకు పేరొచ్చింది, చదువుకునే పుస్తకాల్లో ఒక పేరా వచ్చింది. ఆ పేరా పట్టుకునే డాక్టరమ్మ పని మొదలుపెట్టింది.

ఆయన నేర్పిన అలవాటు ఇంకొకటుంది. ప్రపంచంలో అందరూ క్రిముల్ని డీప్ ఫ్రీజర్లో చిన్న గొట్టాల్లో దాచిపెట్టి, కావలసినప్పుడు తీసి వాడుకుంటారు. పెద్దాయన కాలంలో ఒకసారి ఫ్రీజరు చెడిపోయి ఆయన క్రిములన్నీ నాశనమయ్యాయి. ఆ దెబ్బతో ఆయన యంత్రాన్ని నమ్మడం మానేశాడు. వారం వారం పాత ప్లేటు మీద నుంచి కాసిని క్రిముల్ని సన్నని తీగతో తీసి, రక్తం కలిపిన కొత్త జెల్లీ ప్లేటు మీదికి మార్చడం, వెచ్చని పెట్టెలో పెట్టడం, మళ్ళీ వారం మళ్ళీ మార్చడం. ఎప్పుడూ బతికున్నవే చేతిలో ఉంటాయి. డాక్టరమ్మ ఈ పనిని ఎవరికీ అప్పగించేది కాదు. పిల్లల్ని ఫ్రీజర్లో పెట్టుకుంటామా అనేది. సైన్సు చేసేవాళ్ళకు మూఢనమ్మకాలు ఉండవనుకునేవాళ్ళు ఇలాంటి ల్యాబులో ఒక పూట కూర్చుంటే చాలు, భ్రమలన్నీ వదిలిపోతాయి.

ఆవిడ దగ్గర డాక్టరేటు చేస్తున్న అమ్మాయికి మాత్రం ఈ చాదస్తం పట్టలేదు. శుభ్రంగా ఫ్రీజర్లోంచి గొట్టం తీసి వాడుకునేది. ఆవిడ కూడా బలవంతపెట్టలేదు. రెండూ ఒక తల్లి పిల్లలే కదా!

మందు చుక్క తయారైంది. పని పంచుకున్నారు. మందు వేసిన ఎలుకలను డాక్టరమ్మ చూసుకుంది, ఎందుకంటే ముక్కులో చుక్క వేసే పని ఇంకొకరి చేతికి ఇవ్వడానికి ఆవిడకు మనసొప్పదు. మందు వేయని ఎలుకలను అమ్మాయి చూసుకుంది. ఇద్దరూ తమ తమ ఎలుకలకు క్రిముల్ని ఇచ్చారు. అమ్మాయి ఎలుకలు మర్నాటికల్లా బొచ్చు నిక్కబొడుచుకుని మూల ముడుచుకున్నాయి. డాక్టరమ్మ ఎలుకలు రంపపు పొట్టులో పరుగుపందేలు పెట్టుకున్నాయి. ఇంకోసారి చేశారు. మళ్ళీ అంతే. డాక్టరమ్మ ఇంటికొచ్చి అత్తగారిని కావలించుకుంది. అత్తగారు వెంటనే చెప్పులు తొడుక్కుని వీధిలోకి బయల్దేరింది.

అదే సమయానికి సంస్థలో ఒక సభ అనుకున్నారు. పెద్దాయనకు ఎనభై ఏళ్ళు నిండుతున్నాయి, ఆయన శిష్యులంతా ఒక రోజంతా ప్రసంగాలు చేయాలి. చివరి ప్రసంగం డాక్టరమ్మది. గురువు చెప్పిన మాట మీద నిలబడి శిష్యురాలు మందు కనిపెట్టిందంటే అంతకంటే మంచి కానుక ఏముంటుంది! పెద్దాయన అప్పట్నుంచి కర్రను మరీ ఎత్తి ఊపుతూ నడిచాడు.

అంతా సవ్యంగా ఉందనగా ఎదురు గదాయన వచ్చాడు. ఈయన క్రిముల్ని చంపే మందుల మీద పనిచేస్తాడు, కాలేజీ రోజుల నుంచి డాక్టరమ్మకు పోటీ. క్రిములు అయిపోయాయని ఆవిడ దగ్గర ఒక ప్లేటు అప్పుగా తీసుకెళ్ళాడు. తలుపు దగ్గర నిలబడి, నవ్వు ఆపుకుంటూ మొదలుపెట్టాడు.

"మీ క్రిములు మరీ సాధువులండీ. మా ఎలుకలకి ఇస్తే జబ్బు చెయ్యడం మాట అటుంచి, ఇంకాస్త ఒళ్ళు చేశాయి."

"మీరు సరిగ్గా ఇచ్చి ఉండరు."

"ఇచ్చానండీ. రెండుసార్లు ఇచ్చాను. మా ఎలుకలకి మీ మందు చుక్క కూడా వెయ్యలేదు మరి."

ఆయన వేళాకోళం చేసి వెళ్ళిపోయాడు. ఆవిడకు మాత్రం ఆ చివరి మాట చెవిలో నాటుకుంది. మందు వేయకుండానే ఎలుకలు బాగున్నాయంటే?

గాజు పలక మీద నల్లసిరా చుక్క ఒకటి వేసి, అందులో అమ్మాయి ఫ్రీజరు క్రిముల్ని కలిపి మైక్రోస్కోపులో చూసింది. కోటు ఉన్న క్రిమి చుట్టూ సిరా దూరలేదు, అక్కడ తెల్లని వలయంలా కనిపిస్తుంది. ప్రతి క్రిమికీ వలయం ఉంది. తర్వాత తన ప్లేటులోవి చూసింది. నల్లని సిరాలో చుక్కలు, చుక్కలు, చుక్కలు. ఎక్కడో ఒకదానికి తప్ప వలయమన్నదే లేదు.

అర్థం కావడానికి ఎంతోసేపు పట్టలేదు. కోటు తొడుక్కునేది యుద్ధానికి. వారం వారం వెచ్చని పెట్టెలో కూర్చోబెట్టి రక్తం కలిపిన జెల్లీ తినిపిస్తుంటే, యుద్ధమన్నది ఎరగని క్రిమికి కోటెందుకు? బరువని విప్పి పారేసింది. కోటు మోసే ఖర్చు లేనివి తొందరగా పెరిగి, ఉన్నవాటిని వెనక్కి నెట్టేశాయి. ముద్దు చేసి చెడగొట్టిన పిల్లలు! అలాంటివాటిని ఎలుక ముక్కులో వేస్తే కాపలా కణాలు నిద్రలోనే మింగేస్తాయి, మందెందుకు? మందు వేసిన ఎలుకలన్నిటికీ వెళ్ళినవి ఈ గారాల క్రిములే. వేయనివాటికి వెళ్ళినవి ఫ్రీజరు రౌడీలు. తేడా మందుది కాదు, ప్లేటుది.

ఆవిడ అమ్మాయిని పిలిచి మైక్రోస్కోపు చూపించింది. ఇద్దరూ మళ్ళీ మొదటి నుంచి చేశారు, ఈసారి రెండు గుంపులకూ ఫ్రీజరు క్రిములే. మర్నాడు ఎలుకల గదిలోకి వెళ్ళే ధైర్యం ఆవిడకు లేకపోయింది. అమ్మాయే వెళ్ళి వచ్చి, రెండు పెట్టెలూ ఒకేలా ఉన్నాయి మేడం అంది. అన్నీ మూల ముడుచుకున్నాయి. మందు చుక్క ఉత్త నీళ్ళు.

డాక్టరమ్మ ఎలుకల గదిలోకి వెళ్ళి తలుపేసుకుని ఏడ్చింది. మాస్కు తడిసిపోయి ఊపిరాడక మళ్ళీ బయటికొచ్చింది. అమ్మాయి భవిష్యత్తు తలుచుకుని ఆవిడ కుంగిపోతుంటే, ఆ అమ్మాయేమో క్రిములు కోటు ఎలా విప్పుతాయో రోజురోజుకూ చూసి రాస్తే తన థీసిస్‌కు బ్రహ్మాండమైన అధ్యాయం దొరుకుతుందని అప్పుడే లెక్కలు వేసుకుంటోంది. కొత్త తరానికి గుండె కొంచెం గట్టిదే.

అత్తగారికి చెప్పడం కష్టమవుతుందనుకుంది. అది తేలిగ్గానే అయిపోయింది.

"మందు లేదు అత్తయ్యా. నేను పొరబడ్డాను."

"సరేలే. నా దగ్గెక్కడికీ పోదు, నువ్వు నిదానంగానే కనిపెట్టు."

అలా అని, వీధిలో అందరికీ ఏం చెప్పాలో ఆలోచించుకోవడానికి ఆవిడ వరండాలోకి వెళ్ళింది.

ఇక మిగిలింది పెద్దాయన. ఇక్కడ డాక్టరమ్మకు నిజంగా కాళ్ళు చేతులు ఆడలేదు. పెద్దాయన ఎలుకలకు మొదటిసారి ఇచ్చిన క్రిములు కొత్తవి, పొగరుగా ఉన్నవి. నెలల తర్వాత రెండోసారి ఇచ్చినవి? అప్పటిదాకా ఆయన చేత్తో ప్లేటు ప్లేటుకూ మార్చి పెంచినవి. అప్పటికి అవి కోటు విప్పేసి ఉంటే, ఎలుకలు తుమ్మకపోవడానికి కణాల జ్ఞాపకం కారణం కానక్కర్లేదు. ఆ రోజుల్లో ఎలుకలకు కరువు. రెండోసారి పక్కన కొత్త ఎలుకలను పెట్టి పోల్చుకునే భోగం ఆయనకు లేకపోయింది. తన పొరపాటు ఇదీ అని సభలో ఆవిడ చెబితే, గురువు పేరు ఎత్తకపోయినా, ఆ పని తెలిసిన ప్రతివాడూ మనసులో ఈ లెక్క వేసుకుంటాడు. ఆయన ఎనభయ్యో ఏట, ఆయన సభలో, ఆయన ముందు వరసలో కూర్చుని ఉండగా. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమంటే ఇంకేమిటి? చెప్పకుండా ఊరుకుంటే లేని మందును ఉందని చెప్పినట్టు.

సభకు ముందే ఆయన చెవిన వేద్దామని ఇంటికి వెళ్ళింది. ఆయన చొక్కాలు మంచం మీద పరుచుకుని కూర్చున్నాడు. ఏది తొడుక్కున్నా మెడ దగ్గర వదులుగా ఉందని భార్య, ఒంట్లో కండ తగ్గింది కాబట్టి చొక్కాది తప్పు కాదని ఆయన, ఇద్దరూ వాదించుకుంటున్నారు. శిష్యురాల్ని చూడగానే ఆయన ముఖం వెలిగిపోయింది. రేపు నన్ను మరీ పొగడకు, కొంచెం పొగిడితే చాలు, మిగతావాళ్ళకీ కాస్త వదిలిపెట్టు అన్నాడు.  చొక్కాల్లో నీలంది బాగుందని మాత్రం చెప్పి ఆవిడ వచ్చేసింది. ముందే చెప్పి ఉండవలసింది. అది ఆవిడకూ తెలుసు.

ఇంటికొచ్చి భర్తతో గోడు వెళ్ళబోసుకుంది. ఆయన కారు అద్దం తుడుస్తూ అంతా విన్నాడు.

"నా దగ్గర కొత్తగా నేర్చుకునేవాళ్ళు ఎదురుగా ఏదన్నా వస్తే గుద్దేస్తామని కళ్ళు మూసేసుకుంటారు. మూసుకుంటేనే గుద్దుతాం. తెరుచుకుని, నిదానంగా పోనివ్వు."

"ఆయనకి తగులుతుందండీ."

"తగుల్తుంది. నువ్వు పక్కనే ఉంటావుగా."

సభ శనివారం. హాలు నిండింది. ఎదురు గదాయన, అమ్మాయి, ఎక్కడెక్కడి శిష్యులూ వచ్చారు. తన దగ్గు గురించి ఏమైనా చెబుతారేమోనని అత్తగారు కూడా కొడుకు వెంట వచ్చి వెనక కూర్చుంది. నీలం చొక్కా వేసుకుని పెద్దాయన ముందు వరసలో మధ్యన కూర్చున్నాడు. పొద్దుట్నుంచి ఒకరి తర్వాత ఒకరు ఆయన్ని ఆకాశానికెత్తారు. డాక్టరమ్మ వంతు వచ్చింది.

ఆవిడ దాచలేదు. మందు చుక్క గురించి చెప్పింది, పరుగుపందేలు పెట్టుకున్న ఎలుకల గురించి చెప్పింది, హాలు చప్పట్లు కొట్టింది. తర్వాత సిరా బొమ్మలు రెండూ పక్కపక్కన తెర మీద వేసింది. క్రిముల్ని తానే ముద్దుచేసి ఎలా చెడగొట్టిందో చెబితే మొదట నవ్వులు వినిపించాయి. మందు పనిచేయలేదని చెప్పేసరికి నవ్వులు ఆగాయి. గురువు పేరు ఎత్తకుండానే ముగించి, ప్రశ్నలున్నాయా అని అడిగింది. ఒక్కరూ చెయ్యెత్తలేదు. లెక్క తెలిసినవాళ్ళంతా లోపల వేసుకుంటున్నారు, ఒక్కొక్కరి చూపూ ముందు వరస మీదికి పోయి అక్కడ నిలవలేక పక్కకు తప్పుకుంటోంది.

పెద్దాయన కర్ర ఆనించుకుని లేచాడు. మైకు ఇవ్వబోతే వద్దన్నాడు.

"వారం వారం ప్లేటు మార్చే అలవాటు నీకెవరు నేర్పారమ్మా?"

ఆవిడ తల వంచుకుంది.

"నిన్నే అడుగుతున్నాను. అందరూ వింటున్నారు, చెప్పు."

"మీరే సార్."

"నా రెండో విడత ఎలుకలకి నేనిచ్చినవీ అవే. మరి ఆ ముక్క ఎందుకు చెప్పలేదు? నా ప్రయోగమెందుకు మళ్ళీ చేసి చూడలేదు?"

"చెయ్యాడలేదు సార్."

హాల్లో అత్తగారు కూడా దగ్గు ఆపుకుంది. పెద్దాయన ముఖంలో పొద్దుటి సంతోషం లేదు. దెబ్బ తగిలింది, తగిలినట్టు కనబడుతూనే ఉంది. ఆయన తెర మీద వలయాలు లేని చుక్కల్ని చాలాసేపు చూశాడు. మళ్ళీ శిష్యురాలి వైపు తిరిగినప్పుడు, చదువుకునే రోజుల్లో ఆవిడను ఆటపట్టించిన ఆ నవ్వే నవ్వాడు.

"చూడు. నేనుండగానే చేసి చూడు. నేను పోయాక అది తప్పని తేలితే, నువ్వెవరి దగ్గరకొచ్చి చెప్పుకుంటావు?"

డాక్టరమ్మకు కళ్ళ నీళ్ళు ఆగలేదు. మైకు ముందే ఉందని కూడా మరిచిపోయి ముక్కు చీదుకుంది. ఆ చప్పుడు హాలంతా మోగితే వెనక నుంచి ఎవరో నవ్వారు, ఆవిడ కూడా నవ్వింది. చేస్తాను సార్, కానీ మీరు పక్కన కూర్చోవాలి, ఎలుకలను మీరే చూసి చెప్పాలి అంది.

పెద్దాయన కర్ర ఆనించుకుంటూ ఆవిడ వైపు నడిచాడు.

"రేపు ఎన్నింటికి రమ్మంటావు?"